పాత రేసు ఫియట్‌ను మళ్లీ నిలబెట్టడం ఎలా

చెన్నై నుంచి నెల్లూరుకు వచ్చే రహదారిలో, నగరం వెనకబడ్డాక షోళవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఒకటి అక్కడ ఉంది. యుద్ధం అయిపోయాక దాని మీద కార్లు పరుగెత్తాయి. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల తరబడి అక్కడే రేసులు నడిపింది. 1990లో చెన్నై దగ్గరే ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ తెరిచాక గాని ఆ రన్‌వే చల్లబడలేదు. సూళ్లూరుపేట, నెల్లూరు వైపు వాళ్లు పొద్దున్నే బస్సెక్కితే రేసు చూసి రాత్రికి ఇల్లు చేరేవారు. మా నాన్న నన్ను అలాగే తీసుకెళ్లారు.

ఒంటి సీటు ఫార్ములా కార్లు కూడా వచ్చేవి గాని, నా కళ్లు వాటి మీద నిలవలేదు. మా వీధి డాక్టరుగారు ఆస్పత్రికి వేసుకెళ్లే ఫియట్, బ్యాంకు మేనేజరు హెరాల్డ్, కలెక్టరాఫీసు అంబాసిడర్, ఇవే బంపర్లు ఊడదీసుకుని, తలుపు మీద తెల్లటి గుండ్రంలో అంకె వేయించుకుని, గాజు పగిలితే ట్రాక్ మీద చిందకుండా హెడ్‌లైట్లకు ఇంటూ గుర్తులా టేపు అంటించుకుని వస్తే, తెలిసిన పెద్దమనిషి ఉన్నట్టుండి పంచె ఎగ్గట్టి గోదాలోకి దూకినట్టుండేది.

అలాంటి ఫియట్ 1100 డి ఒకటి ఇప్పుడు నా షెడ్డులో ఉంది. ఐదేళ్లు పట్టింది. ఖర్చు లెక్క రాయడం రెండో ఏడాదే మానేశాను. మీకూ అలాంటి బండి దొరికితే, లేదా దొరుకుతుందని ఆశ ఉంటే, నేను చేసిన పనులూ చేసిన తప్పులూ రెండూ పనికొస్తాయి.

కొనే ముందు: ఇది నిజంగా రేసు కారేనా?

అమ్మేవాళ్ల మాటలు నమ్మితే దేశంలోని ప్రతి పాత ఫియట్ షోళవరంలో కప్పు గెలిచినదే. కాగితాల కన్నా రేకు నమ్మకమైన సాక్షి. ముందు సీట్ల కింద కార్పెట్ ఎత్తి చూడండి. బండి బోల్తా పడినా నడిపేవారిని కాపాడే గొట్టాల పంజరం, అంటే రోల్ కేజ్, బిగించిన చోట నాలుగేసి రంధ్రాలు గుంపుగా ఉంటాయి, లేదా వాటిని పూడ్చిన వెల్డింగ్ మచ్చలుంటాయి. వెనక సీటు ఆనుకునే చెవులు కోసేశారా? చక్రం పైనున్న రేకు అంచును వెడల్పు టైరు తగలకుండా లోపలికి సుత్తితో మడిచారా? బానెట్‌కు పిన్నులో బెల్టో బిగించిన గుర్తులున్నాయా? డ్యాష్‌బోర్డులో ఒక రంధ్రం ఎక్కువగా ఉందా? ఇంజను తిరిగే వేగం చూపే మీటర్ ఈ కారుకు కంపెనీ ఇవ్వలేదు, రేసువాళ్లే పెట్టుకునేవారు. బ్యాటరీ డిక్కీలోకి మార్చినట్టు తీగ నడిచిన జాడ ఉంటే అదీ మంచి గుర్తే.

ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోల్చకుండా బయానా ఇవ్వకండి. ఇక్కడ చట్టం సంగతి ఒకటి తెలుసుకోవాలి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కార్లను వింటేజ్ కింద రిజిస్టర్ చేయించవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. ఈ ఫియట్‌కే తర్వాత పెట్టిన పద్మిని అన్న పేరు 1974 నుంచి వాడుకలోకి వచ్చింది కాబట్టి తొలి పద్మినులకు కూడా ఇప్పుడు ఆ వయసు వచ్చింది. అయితే ఆ అవకాశం అసలు రూపం చెడకుండా ఉన్న బండికే. బాడీ, ఛాసిస్, ఇంజనుల్లో పెద్ద మార్పులు ఉండకూడదు. రేసు కారు అంటేనే పెద్ద మార్పు. కాబట్టి వింటేజ్ నంబరు కావాలా, రేసు రూపం కావాలా అన్నది మొదటే తేల్చుకోండి. నేను రేసు రూపాన్నే ఉంచుకున్నాను. నా బండి రోడ్డెక్కదు, ట్రాక్‌కు లారీ మీద వెళ్తుంది.

రెంచి పట్టే ముందు మనుషుల్ని వెతకండి

మామూలు పాత కారును షోరూం నుంచి బయటికొచ్చిన రోజుకు తీసుకెళ్తే చాలు. రేసు కారు అసలు బతుకు మొదలైంది ఆ తర్వాతే, ఏదో వర్క్‌షాపులో ఎవరో దాని వెనక సీటు పీకి బయట పెట్టిన రాత్రి. అందుకే దాన్ని ఏ సంవత్సరానికి తీసుకెళ్లాలో కేటలాగు చెప్పదు, దాని మీద పనిచేసిన మనుషులు చెప్పాలి. వాళ్లలో చాలామందికి డెబ్బై దాటింది. ఇంజను మరో ఏడాది ఆగుతుంది, వాళ్లు ఆగకపోవచ్చు.

పాత స్పేర్ల దుకాణాల్లో మొదలుపెట్టండి: చెన్నైలో జనరల్ ప్యాటర్స్ రోడ్డు, పుదుపేట, సికింద్రాబాద్‌లో రాణిగంజ్, విజయవాడలో ఆటోనగర్. కౌంటర్ దగ్గర నిలబడే కుర్రాణ్ని వదిలి, వెనక కుర్చీలో పేపరు చదువుకునే పెద్దాయన్ని పలకరించండి. నాకు అలాగే ఒక మెకానిక్ దొరికారు. చెన్నైలో స్థిరపడిన తెలుగాయన. ఫొటోలు చూపిస్తే "ఏమో బాబూ, అన్నీ ఇలాగే ఉండేవి" అన్నారు. రెండోసారి వెళ్లినప్పుడు సంచిలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ (కార్బ్యురేటర్ నుంచి ఇంజనులోకి దారి ఇచ్చే గొట్టం) పెట్టుకెళ్లి చేతిలో పెట్టాను. బొటనవేలు లోపలికి పోనిచ్చి అటూ ఇటూ తిప్పి, "ఈ అంచు నేను గీకిందే" అన్నారు. అప్పటి నుంచి మాటలు ఆగలేదు. కళ్లు మరిచిపోయినవి చేతులకు గుర్తుంటాయి. అడగడానికి వెళ్లేటప్పుడు తప్పకుండా ఒక భాగం వెంట తీసుకెళ్లండి.

ఇంకో చిట్కా. "ఎప్పుడు గెలిచారు?" అని అడిగితే కథలు వస్తాయి, అవి ఏటేటా పెరుగుతాయి. "దీనిలో ఎప్పుడూ చెడిపోయేది ఏది?" అని అడగండి. ఆయన వెంటనే చెప్పారు: "మూడో ప్లగ్గు. ఎన్ని మార్చినా నల్లబడేది." ఆ మాటను ఫోనులో రికార్డు చేసి, తేదీ వేసి రాసి పెట్టుకున్నాను. తర్వాత ఎంత పనికొచ్చిందో చెప్తాను.

రంగు గీకడం

టింకర్ షెడ్డుకు పంపితే మొదటి రోజే గ్రైండర్ పెట్టి రేకు తెల్లగా చేసేస్తారు. అది జరగక ముందే ఒక ఆదివారం మీరే కూర్చోండి. 400 నంబరు నీటి ఎమెరీ కాగితం, బకెట్ నీళ్లు, ఓపిక. ముందు తలుపు మధ్యలో అరచేయంత చోటు తీసుకుని, ఒక దిక్కుగా కాకుండా గుండ్రంగా, మెల్లగా రుద్దండి. పొరలు ఉంగరాల్లా బయటపడతాయి. నా బండి పైకి ముదురు నీలం. దాని కింద క్రీము, దాని కింద మళ్లీ నీలం, ఆ కింద తెలుపు. ఆ తెలుపు తలుపంతా లేదు, గుండ్రంగా ఉంది. ఇంకాస్త రుద్దితే నల్లటి వంపు తేలింది. ఆ పూట అన్నానికి లేవలేదు.

అంకె బయటపడ్డాక ట్రేసింగ్ కాగితం మీద దాని హద్దులు గీసి, కొలత రాసి, పగటి వెలుతురులో ఫొటోలు తీయండి. ఒక తలుపునైనా ఆ స్థితిలోనే లక్కర్ పూసి దాచుకోగలిగితే మరీ మంచిది.

విప్పడం

ఇక్కడ తెలివితేటలు అక్కర్లేదు, క్రమం కావాలి. పెట్రోలు ట్యాంకు మొదట దింపి, వెల్డింగ్ చేసే చోటికి దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, లోపల ఉండేది ఆవిరి కాబట్టి. బండి కిందికి దూరేటప్పుడు జాకీని నమ్మకండి, స్టాండ్లు వేయండి. పాత బ్రేకు లైనింగుల పొడిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. గాలి కొట్టకండి, తడిగుడ్డతో తుడవండి. ప్రతి నట్టునూ సంచిలో వేసి చీటీ రాయండి. విరిగినవి కూడా పారేయవద్దు. కొత్తదాన్ని చేయించడానికి లేత్ పనివాడికి నమూనా అదే.

బాడీ

ఈ కారుకు లారీలాగా విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. తుప్పు పట్టిన నేలను ఒక్కసారిగా కోసేస్తే పై భాగం కుంగి, తర్వాత తలుపులు జన్మలో సరిగ్గా పడవు. కోసే ముందు తలుపు ఖాళీల్లో అడ్డంగా ఇనుప గొట్టాలు వెల్డ్ చేయించండి. ఒక మూల నుంచి ఎదురు మూలకు రెండు వైపులా టేపుతో కొలిచి గోడ మీద రాయండి. పని అయ్యాక మళ్లీ కొలవండి. రెండు కొలతలూ ఒకటే అయితేనే టింకర్‌కు డబ్బు.

తలుపుల కింద పొడవునా ఉండే బాక్సులు, జాకీ పెట్టే చోట్లు, స్టెప్నీ గుంట, ముందు చక్రాల వెనక మట్టి నిలిచే మూలలు, ఈ నాలుగూ తప్పకుండా తినేసి ఉంటాయి. సముద్రపు గాలి తిన్న చెన్నై బండి అయితే ఇంకా ఎక్కువ. అయస్కాంతం చేతిలో పట్టుకుని బాడీ అంతా తిరగండి. అంటుకోని చోట ఉన్నది రేకు కాదు, గుంటలు పూడ్చిన పుట్టీ. కొన్నిచోట్ల పుట్టీకి బదులు సీసం పోసి ఉంటుంది. అది పాత టింకర్ల గొప్ప పనితనం. పగలకపోతే ముట్టుకోకండి. సుత్తితో మడిచిన చక్రాల అంచులు చూసి మీ టింకర్ "సాపు చేసేస్తాను సార్" అంటారు. వద్దని చెప్పండి. రేసు గుర్తులు అవే.

పాత రోల్ కేజ్ ఉంటే జాగ్రత్త. నా బండిలో ఉన్నది నీళ్ల గొట్టం. దాన్ని గోడకు తగిలించి, కొత్తది కోల్డ్ డ్రాన్ సీమ్‌లెస్ (అతుకు లేని) గొట్టంతో చేయించాను. ప్రధాన వంపుకు అంతర్జాతీయ నిబంధనలు అడిగే కొలత 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం. ప్రాణం మీదికి వచ్చే చోట పాతదనం మీద మోజు పనికిరాదు.

ఇంజను

ఇండియాలో తయారైన ఫియట్‌ది 1089 సీసీ ఇంజను. బోరు (సిలిండర్ వ్యాసం) 68, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75 మిల్లీమీటర్లు. ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్, పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్‌కు మూడే మెయిన్ బేరింగులు. ఫ్యాక్టరీ ఇచ్చిన శక్తి 40 హార్స్‌పవర్ దరిదాపుల్లో. రేసువాళ్ల తంటాలన్నీ ఈ 40ని పెంచడం కోసమే: హెడ్ అరగదీయడం, పోర్టులు నునుపు చేయడం, రెండు కార్బ్యురేటర్లు పెట్టడం, క్రాంక్ చివర తిరిగే చక్రం ఫ్లైవీల్ బరువు తగ్గించడం.

ఏళ్లుగా తిరగని ఇంజనును స్టార్టర్‌తో తిప్పకండి. ప్లగ్గులు తీసి, ఒక్కో రంధ్రంలో డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి వారం వదిలేయండి. తర్వాత పుల్లీ నట్టుకు పానా పెట్టి చేత్తో కదపండి. కదలకపోతే ఇంకో వారం. బలం చూపిస్తే రింగులు విరుగుతాయి.

విప్పాక బోరింగ్ షాపుకు ఊరికే పంపకండి, మీరూ వెళ్లండి. నాలుగు బోర్లూ పైన, మధ్యలో, కింద మైక్రోమీటర్‌తో కొలిపించి కాగితం మీద రాయించుకోండి. నేను ఇక్కడే దెబ్బ తిన్నాను. "చూసి చేయండి" అని వదిలేసి వస్తే, ఒక షాపువారు అడగకుండానే 0.6 మిల్లీమీటర్లు పెంచేశారు. లెక్క వేసి చూడండి: 68.6 బోరుతో ఇంజను 1109 సీసీ అవుతుంది. 0.4 పెంచినా 1102. 1100 సీసీ లోపు తరగతిలో ఎప్పుడైనా బండిని దింపాలనుకుంటే 0.2 దగ్గరే ఆగాలి, అప్పుడు 1096. నేను మళ్లీ స్లీవులు (బోరు లోపలి తొడుగులు) వేయించి 68కి తెచ్చుకున్నాను. డబ్బు రెండింతలు, అలక మూడింతలు.

క్రాంక్‌ను తాడుకు వేలాడదీసి చిన్న సుత్తితో తట్టండి. మంచిది గంటలా మోగుతుంది, పగులు ఉన్నది బొంగురుగా పలుకుతుంది. అనుమానం ఉంటే కిరోసిన్‌తో తుడిచి, ఆరబెట్టి, సుద్దపొడి చల్లండి. పగులులో దాగిన కిరోసిన్ పైకి ఊరి పొడి మీద గీత గీస్తుంది. అరగదీసిన ఫ్లైవీల్‌ను కూడా ఇలాగే పరీక్షించండి. పోత ఇనుము ఎక్కువ పల్చబడితే వేగంలో ముక్కలై పాదాల మీదికి వస్తుంది. సన్నటి పగులు కనిపించినా దాన్ని అలమరలో పెట్టి, కొత్తది వేసుకోండి.

హెడ్‌ను ఎంత అరగదీశారో కంటితో తెలియదు. వాల్వులు, ప్లగ్గు బిగించి హెడ్‌ను తిరగేసి పెట్టండి. చాంబర్ మీద గ్రీజు రాసి చిన్న రంధ్రం ఉన్న గాజు పలక అంటించండి. పరీక్షనాళికల దుకాణంలో దొరికే బ్యూరెట్‌తో (కొలత గీతలున్న గాజు గొట్టం) కిరోసిన్ పోసి ఎంత పట్టిందో చూడండి. ఒక్కో సిలిండర్ 272 సీసీ. గాస్కెట్ మందంతో కలిపి పైనున్న ఖాళీ 40 సీసీ అయితే కంప్రెషన్ నిష్పత్తి (లోపలి మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుంటుందన్న లెక్క) 7.8, అదే 36 అయితే 8.5 దాటుతుంది. నాలుగు చాంబర్లూ ఒకే కొలత రావాలి. తేడా ఉంటే చిన్నవాటిని కొద్దిగా గీకి సమం చేయండి.

వాల్వు సీట్ల (మూసుకున్నప్పుడు వాల్వు ఆనే అంచుల) సంగతి మరవకండి. 2000 ఫిబ్రవరిలో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. పాత సీట్లకు ఆ సీసమే మెత్తలా పనిచేసేది. ఇప్పుడు గట్టి సీట్లు వేయించకపోతే వేగంగా నడిపే బండిలో వాల్వులు సీట్లలోకి కూరుకుపోతాయి. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు పాత రబ్బరును తినేస్తుంది కాబట్టి పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రమ్ అన్నీ ఇథనాల్‌ను తట్టుకునేవే వేయండి. నెల రోజులు బండి తీయకపోతే ట్యాంకు, కార్బ్యురేటర్ ఖాళీ చేయండి.

ఇక మూడో ప్లగ్గు. పెద్దాయన మాట గుర్తుంది కాబట్టి మూడో సిలిండర్ వాల్వు గైడ్‌ను (వాల్వు కాడ కదిలే గొట్టం) ప్రత్యేకంగా తీసి చూశాం. ఎప్పుడో హెడ్‌లోని రంధ్రం పెద్దదైతే, ఎవరో చేత్తో తయారుచేసిన ఇత్తడి తొడుగు వేశారు. అది పూర్తి గుండ్రం కాదు. ఆ సందులోంచి ఆయిలు లోపలికి దిగి ప్లగ్గును మసి చేసేది. ఆ మాట లేకపోతే మిగతావాటితో పాటు పైపైన చూసి బిగించేసేవాళ్లం. రంధ్రం సరిచేయించి కొత్త గైడ్ వేశాను, ఇత్తడి తొడుగు నా బల్ల మీద ఉంది.

బిగించేటప్పుడు ఆయిలు దారుల మూతలన్నీ తీసి తీగ బ్రష్‌తో శుభ్రం చేయించండి. మొదటిసారి స్టార్ట్ అయ్యాక ఐడిలింగ్‌లో వదలకండి. ఇరవై నిమిషాలు 2000 చుట్ల దగ్గర నడపండి, వాల్వులను తెరిచే క్యామ్, ట్యాపెట్లు ఒకదానికొకటి అలవాటు పడేది అప్పుడే. రేసువాళ్లు థర్మోస్టాట్ తీసేసేవారు. మీరు తీయకండి.

బ్రేకులు, సస్పెన్షన్

నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ఓ పది మలుపులు గట్టిగా తొక్కితే వేడెక్కి బ్రేకు మాయమవుతుంది, ఆ రోజుల్లోనూ అంతే. వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, రబ్బరు గొట్టాలు, ఇనుప పైపులు మొత్తం కొత్తవి. ఇందులో జ్ఞాపకాలకు చోటు లేదు. డ్రమ్ములు లేత్ మీద గుండ్రం చేయించి, అంచున రాసిన గరిష్ఠ కొలత దాటితే మార్చండి.

ముందు స్ప్రింగులు ఒక చుట్టు కోసి ఉంటాయి, బండి కిందికి రావాలని. అప్పట్లో అందరూ చేసిన పనే, తెలివైన పని మాత్రం కాదు. గట్టి కమ్మీతో పొట్టి స్ప్రింగులు చుట్టించండి. ఎత్తు పాత ఫొటోలో ఉన్నంతే వస్తుంది, చక్రం కుదుపుకు స్ప్రింగు జారిపోదు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి: 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు ఎంత లోతున్నా, వయసు మీరిన టైరుతో ట్రాక్ ఎక్కవద్దు.

వైరింగు, రంగు

వైరింగు మొత్తం కొత్తగా లాగించండి, బయటి నుంచి అందేలా ఒక కట్ ఆఫ్ స్విచ్ పెట్టండి, చేతికందే చోట నిప్పు ఆర్పే సిలిండర్ ఉంచండి. అంతే.

రంగు విషయంలో పెయింటర్లతో పోట్లాట తప్పదు. అద్దంలా మెరిపించడం వాళ్లకు గౌరవం. ఆనాటి రేసు బండి దగ్గరికి వెళ్తే బ్రష్ గీతలు కనిపించేవి. నా తలుపు మీది అంకెను స్టిక్కర్‌తో వేయనివ్వలేదు. ట్రేసింగ్ కాగితం ఇచ్చి, సినిమా బ్యానర్లు రాసిన ఒక పెద్దాయనతో చేత్తో రాయించాను. అంచు ఒకచోట కొద్దిగా వంకర. పాతదీ అక్కడే వంకర.

ట్రాక్ మీదికి

పోటీలో దిగాలంటే మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య ఇచ్చే లైసెన్సు, ఆ సంవత్సరపు నిబంధనలకు సరిపోయే భద్రతా సామగ్రి కావాలి. ఊరికే నాలుగు చుట్లు తిప్పుకోవాలన్నా హెల్మెట్, బెల్టు లేకుండా వద్దు. మొదటి రోజు రెండు చుట్లకోసారి ఆగి చూడండి: చక్రాల నట్లు, ఆయిలు మరకలు, డ్రమ్ముల వేడి. మొదటి గేరుకు సింక్రో (పళ్ల వేగాలు కలిపే ఏర్పాటు) లేదు కాబట్టి బండి పూర్తిగా ఆగాకే వేయండి. ఆ గేరు పళ్లు ఇప్పుడు కొనాలంటే పుదుపేటలో పూటంతా తిరగాలి.

ఇరుంగాట్టుకోట్టైకి మా మెకానిక్ పెద్దాయన్ని కూడా తీసుకెళ్లాను. చుట్టూ ఏం అరుస్తున్నా ఆయన కంచె పక్కన నిలబడి కళ్లు మూసుకుని విన్నారు. ఆరో చుట్టు అయ్యాక బండి ఆపితే, నన్ను పలకరించకుండానే బానెట్ ఎత్తి, చేతిరుమాలు చుట్టుకుని మూడో ప్లగ్గు విప్పారు. కొన గోధుమ రంగులో, పొడిగా ఉంది. ఎండలో అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు.

"మూడోది నల్లబడకపోతే ఇది మా బండి ఎలా అవుతుంది బాబూ?" అన్నారు. ప్లగ్గును చొక్కాకు తుడిచి, రెంచి పక్కన పెట్టి, మొదటి మరలు చేత్తోనే తిప్పి బిగించడం మొదలుపెట్టారు.